నున్నటి టైర్ల దొంగ

రాజరత్నం మాస్టారి కారు టైర్లను ఎవరో దొంగిలిస్తున్నారు. నెలకొకటి చొప్పున. ఆ దొంగ పట్టుకుపోయిన ప్రతి పాత టైరుకూ బదులు ఒక కొత్త టైరు బిగించి మరీ పోతున్నాడు.

నిడదవోలు హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారికి టైర్ల మీద పెద్ద పట్టింపు లేదు. నల్లగా, గుండ్రంగా ఉంటే అది టైరే. గాలి ఉందో లేదో కాలితో ఒక్క తన్ను తన్ని తేల్చేసేవారు. పంక్చర్ షాపు అబ్బులు కనిపించినప్పుడల్లా మొత్తుకునేవాడు.

"గీతలన్నీ అరిగిపోయాయండి మాస్టారూ. వానలో బ్రేకేస్తే ఆగదండి. అలైన్‌మెంట్ కూడా చేయించాలండి, ఎడం పక్కకి లాగేస్తాంది."

"లాగితే నేను కుడిపక్కకి పట్టుకుంటాన్లేవోయ్."

అలా ఎనిమిదేళ్లు కుడిపక్కకి పట్టుకున్నారు. జూన్‌లో ఒకరోజు కారు ఎటూ లాగకుండా తిన్నగా పోయింది. అలవాటు కొద్దీ కుడికి పట్టుకున్న మాస్టారు వెళ్లి కొబ్బరిబోండాల బండిని గుద్దేశారు.

దొర్లిపోయిన బోండాల మధ్య కూలబడి చూస్తే, ముందు ఎడమ టైరు కొత్తది. దాని మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా రాలలేదు.

జులైలో రెండోది మారింది. ఆగస్టులో మూడోది. ఎన్నడో పోయిన వాల్వు మూతలు నాలుగూ తిరిగొచ్చాయి. నాలుగు చక్రాలకూ గాలి సమానంగా ఉంటోంది.

మాస్టారికి ముచ్చెమటలు పట్టాయి. తనకి ఊరికే మేలు చేసేవాడు ఈ జిల్లాలో ఎవడూ లేడని ఆయనకి బాగా తెలుసు. టైర్లలో బంగారం పెట్టి తన చేత మోయిస్తున్నారేమోనన్న అనుమానం వచ్చింది. ఒక కొత్త టైరు ఊడదీయించి, లోపల చెయ్యి పెట్టి చూడమన్నారు. అబ్బులు చుట్టూ తడిమాడు.

"గాలి తప్ప ఏం లేదండి. అది కూడా లెక్కప్రకారం కొట్టాడండి. ఎవరోగానీ బుద్ధిమంతుడు."

మర్నాడు మాస్టారు పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు.

"పోయిందేంటండి?" అన్నాడు ఎస్సై.

"మూడు టైర్లండి."

ఎస్సై కిటికీలోంచి కారు వైపు చూశాడు. "ఉన్నాయి కదండి?"

"అవి నావి కావు. నావి నున్నగా ఉంటాయి."

"కంప్లయింట్ ఏమని రాసుకోమంటారు?"

"గుర్తు తెలియని వ్యక్తి నా కారు బాగు చేస్తున్నాడని రాయండి."

ఎస్సై పెన్ను మూత పెట్టేశాడు. "మా జీపుకి కూడా అరిగిపోయాయి మాస్టారూ. ఆ మనిషి దొరికితే ఒకసారి ఇటు పంపండి."

ఇక తనే పట్టుకోవాలనుకున్నారు మాస్టారు. ఆదివారాలు చర్చి నుంచి రాగానే వరండాలో కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, కారుకు కాపలా కాశారు. చీమ కూడా రాలేదు. స్కూలుంటే ఆ బెంగ లేదు. బండ్ల షెడ్డు వెనకవైపు ఉన్నా, అక్కడ అటెండరు జీవరాజు ఉంటాడు. ఇరుకు షెడ్డు కాబట్టి బండ్లు అటూఇటూ జరపడానికి అందరి తాళంచెవులూ అతని దగ్గరే ఉంటాయి.

"మీరు నిశ్చింతగా పాఠం చెప్పుకోండి మాస్టారూ. మన స్కూల్లో దాని మీద చెయ్యేసేవాడెవడండి?" అన్నాడు జీవరాజు.

సెప్టెంబరులో నాలుగో టైరు కూడా కొత్తదైపోయింది.

మాస్టారు ఆ రోజు అన్నం ముట్టలేదు. "నన్ను ఎక్కడికో పంపడానికి తయారు చేస్తున్నారు," అన్నారు భార్య ప్రసన్నకుమారితో. "ఆ చక్రాల మీద నేను ఎక్కను."

అన్నంత పనీ చేశారు. మర్నాడు కారును షెడ్డులో వదిలేసి, తాళంచెవి జీవరాజు చేతిలో పెట్టి, సంగతి తేలేదాకా దాని జోలికి రానని చెప్పేశారు. జీవరాజు చాలా బాధపడ్డాడు. అయినా తాళంచెవి జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి మాస్టారు ఆటోలో వచ్చిపోతున్నారు. షెడ్డు వైపు కన్నెత్తి చూడటం లేదు.

మూడో రోజు పదకొండు గంటలకి, తొమ్మిదో తరగతిలో ఉండగా ప్రసన్నకుమారి ఫోన్ చేసింది. పాలకొల్లులో కూతురికి నొప్పులు మొదలయ్యాయట. మొదటి కాన్పు. తను పొద్దున్నే బస్సులో వెళ్లింది. "అమ్మాయి 'నాన్న ఏడీ' అని అడుగుతోందండీ, త్వరగా వచ్చెయ్యండి," అంటూ ఏడ్చేసింది.

మాస్టారు లెక్క సగంలో వదిలేసి స్టాఫ్ రూముకి పరిగెత్తారు. సైన్సు టీచరు ఉషారాణి ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"కంగారు పడకండి మాస్టారూ. కిరాయి కారుంది, పిలుస్తాను. మా చెల్లెలి పెళ్లికి అదే పెట్టుకున్నాం. కారు పాతదేగానీ డ్రైవరు చాలా నెమ్మదస్తుడండి."

"టైర్లు ఎలా ఉంటాయమ్మా?" అని అడిగారు మాస్టారు. జీవితంలో మొదటిసారి ఆయన ఆ మాట అడగడం.

"బ్రహ్మాండంగా ఉంటాయండి."

జీవరాజుకి ఒక మాట చెప్పి వెళ్దామంటే అతను స్కూలు కాగితాలు పట్టుకుని రాజమండ్రి వెళ్లాడట. మాస్టారు సంచీ తీసుకుని గేటు దగ్గర నిలబడ్డారు.

పది నిమిషాల్లో కారు వచ్చి ఆగింది. మాస్టారు వెనక తలుపు మీద చెయ్యి వేయబోయి ఆగిపోయారు. నంబరు ప్లేటు చదివారు. లెక్కల మాస్టారు కాబట్టి ఒక్కో అంకె మీదా వేలు పెట్టి మళ్లీ సరిచూసుకున్నారు. అది తన కారు నంబరే.

డ్రైవరు గబగబా దిగి వచ్చి వినయంగా తలుపు తీశాడు.

"భయపడకుండా ఎక్కండి సార్, ఈ బండి మీ స్కూలు అటెండరు జీవరాజుగారిదేనండి. జూన్ నుంచి రోజూ తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా కిరాయిలకి తిప్పుతున్నాం, టైర్ల దగ్గర మాత్రం మా ఓనరుగారు అస్సలు రాజీపడరండి!"