చెవి బేరం

"చెవిలో మిషను పెట్టుకుని సంతకి పోతే, ఎద్దుని వదిలేసి నా పళ్ళు పట్టి చూస్తారే" అన్నాడు యలమంద, గుంటూరు కొత్తపేటలో చెవి పరీక్ష చేసే గది బయట.

"చూస్తే చూడనీ. ఇంట్లో గోడతో కాపురం చేస్తున్నా నేను" అంది పిచ్చమ్మ. ఆమె మామూలుగానే అంది గానీ బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. రెండేళ్ళుగా ఆమె గొంతు అదే ఎత్తులో ఉంది. ఒక్క మాట మూడుసార్లు చెప్పాలి, మూడోసారి అరవాలి. అంతా అయ్యాక ఆయన "ఏందీ?" అంటాడు.

యలమంద ప్రత్తిపాడు చుట్టుపక్కల పశువుల బేరాలు కుదిర్చే దళారి. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పే ధరకి చెవులతో పనేముందని ఆయన వాదన. చెవుడని తెలిసిందా, అమ్మేవాడూ కొనేవాడూ తన ముందే గుసగుసలాడుకుని, మధ్యలో తనని దాటేసి పోతారు. రేపు సంత. ఇవాళ పొద్దుటినుంచీ ఈ బెంచీ.

నాజియా అనే అమ్మాయి లోపలికి పిలిచి, చెవుల్లో లైటు వేసి చూసింది.

"గుబిలి లేదు, కర్ణభేరి బాగానే ఉంది బాబాయిగారూ. ఇక అసలు సంగతి చూద్దాం. కూత ఎంత సన్నగా వినపడినా వేలెత్తండి" అని గట్టిగా చెప్పి, అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించింది.

మొదటి రెండు కూతలూ వినపడ్డాయి. తర్వాత ఏమీ లేదు. యలమందకి ఒళ్ళు మండింది. అద్దం అవతల నాజియా పక్కకి తిరిగి కూర్చుంది. చెయ్యి కనపడటం లేదు గానీ, మీట నొక్కినప్పుడల్లా ఆమె కుడి భుజం వెంట్రుకవాసి కదులుతోంది.

ముప్ఫై ఏళ్ళుగా తువ్వాలు కింద ఏం నడుస్తోందో పైనున్న భుజాన్ని చూసి పసిగట్టినవాడికి అది చాలు. భుజం కదిలితే వేలెత్తాడు. అన్నిటికీ ఎత్తితే సరుకు మరీ నిఖార్సుగా కనపడి అనుమానమొస్తుంది. అందుకని నాలుగింటికి ఒకటి వదిలేశాడు.

"వయసుకి తగ్గ కాస్త తరుగు తప్ప చెవులు బాగున్నాయి. మిషను అక్కర్లేదు" అంది నాజియా, తలుపు తీసి ఇద్దరికీ వినపడేలా.

యలమంద మీసం సవరించుకున్నాడు. "ఏం పిచ్చమ్మా, ఇంకా గోడేనా?"

"వెనకనుంచి పిలిచినా వినపడుద్దా అమ్మా?" అని నాజియాని అడిగింది పిచ్చమ్మ.

"వినపడాలి పిన్నిగారూ. పక్క గదిలోంచి పిలిచినా."

పిచ్చమ్మ మొగుడి వైపు తిరిగింది. "మంగళవారం దొడ్లో జారిపడ్డా. నువ్వు వెనక వసారాలో కూర్చుని ఉన్నావు. నీ వీపు నాకు కనపడతానే ఉంది. ఎంతసేపు పిలిచానో. ఆఖరికి పక్కింటి సైమా వచ్చి లేపింది. వినపడని మనిషి, ఆయన తప్పేముందిలే అని నీకు చెప్పను కూడా చెప్పలా."

మంగళవారం వసారాలో చుట్ట కాల్చుకోవడం యలమందకి గుర్తుంది. పిలుపు మాత్రం ఒక్కటీ గుర్తు లేదు.

"అంతా వింటానే కూర్చున్నావన్నమాట. ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నా. ఇక అరవాల్సిన పని లేదుగా" అంది పిచ్చమ్మ.

అని గొంతు తగ్గించింది. పెదవులు కదిలాయి, చాలాసేపే కదిలాయి. యలమందకి ఒక్క మాటా అందలేదు. ఆమె సంచీ తీసుకుని గుమ్మం వైపు నడిచింది. ఇంటికో, పెదకాకానిలో తమ్ముడి దగ్గరికో తెలియలేదు. ఏమందని అడిగితే దొరికిపోతాడు. అడక్కపోతే ఆమె పోతుంది.

యలమంద వెనక్కి వెళ్ళి అద్దాల గదిలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ తనే తగిలించుకున్నాడు.

"అమ్మాయ్, పరీక్ష మళ్ళీ పెట్టు" అన్నాడు. "ఈసారి కళ్ళు మూసుకుంటాను."