తాబేలు వ్యూహం

కల్లూరు నెట్ సెంటర్లో ఫ్యాను ఒక్కటే. అదీ ఓనరు వైపే తిరుగుతుంది. మిగతావాళ్లు గంటకింతని ఇచ్చి మరీ చెమట పట్టించుకోవాలి.

అజయ్, అతని మేనత్త కూతురు శ్రీవాసవి పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. తెర మీద రోము కాలపు యుద్ధం ఆట.

"బావా, రేపు ప్రొద్దుటూరోళ్లు నన్ను చూసేకి వస్తాండారు" అంది వాసవి. "నువ్వు గెలిస్తే మన సంగతి మా నాయనకు నేనే చెప్తా. ఓడితివా, నోరు మూసుకోని వాళ్లకు కాఫీ ఇస్తా."

"మామతో నేను మాట్లాడతా అంటి కదా."

"ఎప్పుడు? ఉగాదికి అంటివి. దసరా కూడా పాయ."

దాడి అజయ్‌ది, కాపలా వాసవిది. గడువు లోపల అజయ్ గెలవకపోతే ఆమె గెలిచినట్టే. సైన్యంలో ఎవరెవరు ఉండాలో ఎవరికి వాళ్లే ఎంచుకోవాలి.

అజయ్ కిరాణా అంగడివాళ్ల బిడ్డ. ముందు వరుసలో డాళ్ల కాల్బలం, వాళ్ల వెనుక విలుకాళ్లు, రెండు పక్కలా గుర్రాలు, అందరికన్నా వెనుక క్షేమంగా తన సేనాని. నెల సరుకులు సర్దినట్టు సర్దాడు.

ఎదురుగా గుట్ట మీద వాసవి సేనాని ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్కన అడవి. అందులో దాక్కున్న దండు దగ్గరికి పోయేదాకా కనబడదు.

"ఏమే, నీ దండు యాడుండాది?"

"కనపడేదే ఉండాది. రా."

అజయ్ నవ్వుకున్నాడు. అడగకుండానే కొసరు వేస్తే తూకాన్ని అనుమానించే వంశం వాళ్లది. అడవి నిండా ఏనుగులున్నాయని తేల్చేసుకున్నాడు. కాల్బలాన్ని తాబేలు వ్యూహంలో పెట్టాడు. నాలుగు పక్కలా డాళ్లు, నెత్తినా డాళ్లు. బాణం దూరదు. కాకపోతే నడకా సాగదు.

"గుర్రాలన్నా పంపు బావా."

"పంపితే చుట్టేస్తావు. నాకు తెల్దా?"

"చుట్టను. ఒట్టు."

ఒట్టు పెట్టేసరికి అనుమానం గట్టిపడింది. సైన్యాన్ని ఇంకొంచెం వెనక్కి జరిపాడు.

వాసవి చేతులు కీబోర్డు మీద లేవు, ఒడిలో ఉన్నాయి. అజయ్ అది కూడా ఎత్తే అనుకున్నాడు.

గడువు ముగిసింది. వాసవి గెలిచిందని తెర చెప్పింది. అజయ్ సైన్యంలో ఒక్కడికీ గీత కూడా పడలేదు.

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుని లేచింది.

"ఇంగ చెప్పు. అడవిలో ఏం పెట్టింటివి? ఏనుగులేనా?"

"ఎవురూ లేరు బావా. నేను దండే తీసుకోల్యా. నేనొక్కదాన్నే నిలబడింటి."

మెట్లు దిగి, కింద ఆగి ఉన్న షేర్ ఆటోలో కూర్చుంది.

అజయ్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఈ మాటలో కూడా ఏదైనా తిరకాసు ఉందేమోనని ఆలోచిస్తున్నాడు. అయ్యా, అమ్మా, వీణ్ణి లేపే ఉపాయం మీకెవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ఆటో ఇంకా నిండలేదు.