ముట్టుకోని పాఠం

“ముట్టుకో, ఏం కాదు. నువ్వు ముట్టుకోవచ్చు,” అన్నాడు ప్రయూన్.

నపా అలవాటుగా చాచబోయిన చేతులు వెనక్కి తీసుకుంది. ఎదురుగా కుర్చీలో, అందరూ లువాంగ్ ఫో అని పిలిచే పెద్ద భిక్షువు నడుం పట్టుకుని కూర్చున్నారు. యోగా చేస్తే తప్ప ఆ నడుం వదలదని డాక్టరు చెప్పాడు. నాన్ అనే ఊళ్ళో బౌద్ధ విహారం మండపంలో రోజూ పొద్దున్నే ఆడవాళ్ళకు యోగా నేర్పేది నపాయే. అందుకే కమిటీ పెద్ద ప్రయూన్ ఆమెను ముందుకు పిలిచాడు.

ఇంకో కారణం కూడా ఉంది. నపా పుట్టినప్పుడు ఇంట్లో మగపిల్లాడనుకున్నారు. ఆమె మాత్రం ఎన్నడూ అలా అనుకోలేదు.

ఆడది భిక్షువును తాకకూడదు. చేతికి ఏదీ అందించకూడదు కూడా. ఇందాక బున్‌సీ పిన్ని అరటిపళ్ళు తెస్తే, లువాంగ్ ఫో కాషాయ గుడ్డ పరిచి అంచు పట్టుకున్నారు. పిన్ని పళ్ళు దాని మీద పెట్టి దండం పెట్టింది. ప్రయూన్ ఆ గుడ్డ మడిచి సంచిలో పెట్టి మంచినీళ్ళిస్తే, ఆయన చేత్తోనే అందుకున్నారు.

“నేను ఆడదాన్ని బాబాయ్,” అంది నపా మెల్లగా.

“కాదన్నానా? వీధిలో ఆడదానివే. గుర్తింపు కార్డులో మాత్రం ఇంకా మగ అనే ఉందిగా. మాకూ అదే కలిసొచ్చింది. చెప్పడానికి నీ విద్య, పట్టుకోడానికి నీ చేతులు. ఇంకో మనిషిని వెతికే బాధ తప్పింది.”

చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఎవరూ నవ్వలేదు. అందరూ నపానే చూస్తున్నారు. మారు మాట లేకుండా తమ మధ్య ఆమెకు చోటిచ్చినవాళ్ళు వాళ్ళు. నొప్పి పెట్టే నడుములూ మోకాళ్ళూ ఏ బెరుకూ లేకుండా ఆమె చేతికి అప్పగించినవాళ్ళు. రోజూ పాఠం మొదలుపెట్టేముందు నపా ఆ చాపల వరసకు దండం పెట్టేది అందుకే. ఇప్పుడు వాళ్ళ కళ్ళముందే భిక్షువు వీపున చెయ్యి వేస్తే, తాను మగాడినని తనే ఒప్పుకున్నట్టు. రేపు అదే చెయ్యి బున్‌సీ పిన్ని నడుం మీద ఎలా వేస్తుంది?

“ముట్టుకోకుండానే నేర్పుతాను,” అంది.

ప్రయూన్ గొంతు తగ్గించాడు. “చూడమ్మా, మండపం తాళం నా దగ్గరుంది. లువాంగ్ ఫో నడుం బాగుచెయ్యని యోగా విహారంలో ఎందుకని కమిటీ వాళ్ళు అడిగితే, రేపు నేను తలుపు తియ్యగలనా?”

లువాంగ్ ఫో కళ్ళు మూసుకున్నారు. ఆయన దృష్టిలో తాను ఎవరో నపాకు తెలియదు. అది తేలిపోతుందన్న భయంతోనే, ఇన్నాళ్ళూ భిక్షువులకు ఇవ్వాల్సింది ఏదైనా పిన్ని చేతికిచ్చి పంపేది.

నపా ప్రయూన్ వైపు తిరిగింది.

“అయితే నా చేతులు మీరే బాబాయ్. రండి.”

“నేనా?”

“మీరు మగవాళ్ళేగా. ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు కదా.”

ఈసారి ఆడవాళ్ళు నవ్వారు.

నపా పక్కనే ఇంకో కుర్చీ వేసి బున్‌సీ పిన్నిని కూర్చోబెట్టింది. తాను పిన్ని వీపు మీద ఎక్కడ చెయ్యి వేస్తే, ప్రయూన్ లువాంగ్ ఫో వీపు మీద అక్కడే వెయ్యాలి. పిన్ని అడక్కుండానే వెన్ను నపా వైపు తిప్పింది.

“ఊపిరి పీలుస్తూ నిటారుగా లువాంగ్ ఫో. వదులుతూ మెల్లగా ముందుకు. బాబాయ్, తొయ్యకండి. ఆయనేమన్నా ఇరుక్కున్న తలుపా?”

“నేనెక్కడ తోశాను?”

“తోస్తున్నావోయ్,” అన్నారు లువాంగ్ ఫో, కళ్ళు తెరవకుండానే.

పాఠం అయ్యేసరికి ఆయన ముఖంలో బిగువు సడలింది. లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి నింపాదిగా కూర్చున్నారు. ఒంగి ఒంగి ప్రయూన్‌కే నడుం పట్టేసింది.

బున్‌సీ పిన్ని మారేడు పానీయం కాచి తెచ్చి, గ్లాసు నపా చేతిలో పెట్టింది.

“ఇవాళ నువ్వే ఇవ్వు. నేర్పింది నువ్వు.”

నపాకు కళ్ళు చెమర్చాయి. పిన్నికి దండం పెడదామంటే చేతిలో గ్లాసు ఉంది. ఇక తప్పించుకునే దారి లేదు. లువాంగ్ ఫో ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది.

“చేతికే ఇచ్చెయ్యమ్మా,” అన్నాడు ప్రయూన్ నడుం రుద్దుకుంటూ. “నీకెందుకు ఆ పద్ధతులన్నీ?”

లువాంగ్ ఫో కుడిచెయ్యి చాచారు.

నపా ఆ చేతిలో గ్లాసు పెట్టిందంటే ఈ మండపంలో తన బతుకు అంతటితో సరి. పెట్టకపోతే పెద్దాయనను అవమానించినట్టు. గ్లాసు కాస్త పైకెత్తింది.

చాచిన చెయ్యి గ్లాసును దాటి ప్రయూన్ దగ్గర ఆగింది.

“గుడ్డ ఏదోయ్?” అన్నారు లువాంగ్ ఫో. “ఆడపిల్ల ఎంతసేపని పట్టుకుని కూర్చుంటుంది?”