చమురు కారే మూత

"ఇంక బిగించకు ఏలీయా, బోల్టు విరుగుతుంది," అంది రాజకుమారి.

ఏలీయా స్పానరు కింద పెట్టి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. బందరులో బస్సుల షెడ్డులో ఫిట్టరు అతను. అన్న యేసుదాసు మంచాన పడ్డప్పుడు సెలవు పెట్టి మొవ్వ వచ్చి పిండిమర నడిపాడు. అన్న పోయాక కూడా శనివారం శనివారం బస్సు దిగి, వదిన ఇంజను చూసిగానీ వెళ్లడం లేదు.

"మూత కింద ప్యాకింగు కొత్తదే వదినా. మంచి కార్కు తెచ్చి నా చేత్తో కోసి వేశాను. ఇంకా కారుతోందంటే మూత కూర్చునే ఇంజను హెడ్డే వంకరపోయిందన్నమాట."

ఇంజను మీద వాల్వులను కప్పే ఇనప మూత అంచుల్లోంచి చమురు సన్నగా దిగుతోంది. బెల్టు మీద పడుతోంది. బెల్టు జారుతోంది, పిండికి వాసన పడుతోంది.

"మొన్న నీ పిండితో జంతికలు వండితే, ఏ లారీ కింద కూర్చుని వండావే అన్నాడు మా ఆయన," అంది గుమ్మంలోంచి రావమ్మ. "ఏమీ అనుకోకు రాజకుమారీ, ఈసారికి ఉయ్యూరులో ఆడించుకుంటాను."

ఇప్పటికే సగం ఊరు వేరే మరలకు వెళ్తోంది. రాజకుమారి ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళ్తున్నారంటే ఈ మర తిరగబట్టే.

"గుడివాడ కోదండరామయ్యగారు ఇంజను బేరానికి సోమవారం వస్తానన్నారు," అన్నాడు ఏలీయా మెల్లగా. "తిరుగుతుండగానే ఇచ్చెయ్యి వదినా. అక్కడికెళ్లినా నేను కనిపెట్టుకుని ఉంటాను. అన్నయ్య చెయ్యి పడ్డ ఇంజను. నాకు మాత్రం మనసొప్పుతుందా?" కళ్లు తుడుచుకున్నాడు. మసి చెంపకు అంటుకుంది.

"రానీ ఆయన్ని. నేను అమ్మను."

"కారే ఇంజను పెట్టుకుని ఏం చేస్తావు?"

"కారకుండా చేస్తాను."

ఏలీయా జాలిగా నవ్వి బస్సుకి వెళ్లిపోయాడు.

యేసుదాసు ఏనాడూ ఆదివారం ఇంజను ముట్టలేదు. ఆ ఆదివారం గుడి నుంచి రాగానే రాజకుమారి చీర దోపి హ్యాండిలు తిప్పింది. చప్పుడు విని రావమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఆదివారం పూటా! పాస్టరుగారు వింటే ఏమంటారే?"

"గొడ్డు గుంటలో పడితే సోమవారం దాకా ఆగుతామా? నా గొడ్డు గుంటలో ఉంది. నువ్వెళ్లు."

ఇంజను అందుకున్నాక, చమురు పోసే చోట బిరడా తీసి చూసింది. లోపలి నుంచి వేడిగాలి ఒక్క ఉదుటున మొహాన కొట్టింది. చూస్తుండగానే పై మూత అంచున కారడం తగ్గింది. బిరడా పెట్టింది. మళ్లీ కారింది. తీసింది. ఆగింది.

ఆమెకు అన్నం గిన్నె తట్టింది. ఆవిరికి దారి లేకుండా ఎంత బిగించి మూస్తే గంజి అంతగా అంచుల్లోంచి పొంగుతుంది. మరి దీని ఆవిరి ఏ దారిన పోవాలి?

ఇంజను ఆపి చుట్టూ తడిమింది. వెనకాల, వంటింటి గోడ వైపు, వంకర తిరిగిన సన్నటి గొట్టం ఉంది. వేలు పెడితే గుడ్డ తగిలింది. కమ్మీతో లాగింది. మూరెడు పాత గుడ్డ, జిడ్డోడుతూ వచ్చింది.

అక్కడే చతికిలబడింది. వంటింట్లోకి ఇంజను పొగ కొడుతోందని, దగ్గుతో చస్తున్నానని, యేసుదాసు మంచాన పడటానికి ముందు తాను సణిగింది. "చూస్తాలే," అన్నాడాయన. నిజమే, ఆయన మంచాన పడ్డ రోజుల నుంచి పొగ రాలేదు.

"నా దగ్గు కోసం దీని ఊపిరి నొక్కావా, పిచ్చి మనిషీ!" నవ్వబోయి ఏడ్చింది. ఇది బయటపడితే యేసుదాసుకి ఇంజనే తెలియదంటుంది ఊరు. ఆ గుడ్డను తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది.

సోమవారం కోదండరామయ్య లారీతోనే దిగాడు. పక్కన ఏలీయా. రాజకుమారి తన తెల్లచీర ఒకటి తెచ్చి ఇంజను చుట్టూ పరిచి, హ్యాండిలు తిప్పింది. రావమ్మను పిలిచి ఆమె బియ్యమే మరలో పోసింది. బియ్యం మొత్తం పిండయింది. చీర మల్లెపువ్వులా అలాగే ఉంది.

"ఏవయ్యా, బొట్టు బొట్టు కారే ఇంజనన్నావు?" కోదండరామయ్య ఏలీయాను దబాయించాడు. "దాన్ని నడపడానికి నిన్ను కుదుర్చుకున్నాను. ఇప్పుడు ఇంజనేదీ?"

"ఇంజను ఇక్కడే ఉంటుందండీ," అంది రాజకుమారి. "లారీ ఖాళీగా వెళ్లడం ఎందుకు? వచ్చేసారి బియ్యం వేసుకురండి, ఆడించి పంపిస్తాను."

రావమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కోదండరామయ్య విసురుగా లారీ ఎక్కాడు.

ఏలీయా మాత్రం కదల్లేదు. "ఏం చేశావు వదినా?"

"నువ్వు బిగించిన బోల్టులే కాస్త వదులు చేశాను."

అతను బోల్టుల వైపు చూడలేదు. మూత వైపూ చూడలేదు. తిన్నగా ఇంజను వెనక్కి వెళ్లి, వంగి, గొట్టంలో వేలు పెట్టాడు.

గొట్టం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.