ఎర్ర పెన్సిల్ గీత

బోయినపల్లిలో రిటైర్డ్ ఇంజనీరు శ్రీహరి సంస్మరణ సభ.

"కాలువ తవ్వించినప్పుడు సొంత అక్క పొలానికి గూడ తూము పెట్టలే. గంత నిజాయితీ సారుది!" అన్నాడు సర్పంచ్. చప్పట్లు మోగాయి.

ఆ అక్క మొగిలవ్వ లేచి మైకు అందుకుంది. సంచిలోంచి కాలువ పాత నక్షా తీసి విప్పింది.

"పోయేముందు తమ్ముడే నా చేతుల పెట్టిండు. గీడ చూడుండ్రి. అందరి లెక్కనే నా పొలం కాడ గూడ తూము ఉండె. అక్కకు పెట్టుకున్నడని మీరంతా అంటరని, ఎర్ర పెన్సిల్‌తోని వాడే గీత కొట్టిండు."

మొగిలవ్వ నక్షా మడిచి సంచిలో పెట్టుకుంది.

"గా కాలువ గట్టు మీదనే కూసోని, ముప్పై ఏండ్లు వాన కోసం మొగులు దిక్కు చూసిన. ఇప్పుడు కొట్టుండ్రి చప్పట్లు."