మూతన్నర మందు

పక్కింటావిడ ఆడపడుచు తోడికోడలు తన పిల్లకి ఆ మందు పట్టిందట. విమానం ఎక్కాక కళ్ళు మూసిన పిల్ల, దిగి ఇల్లు చేరి నెత్తిన నీళ్ళు పోసేదాకా తెరవలేదట. "జలుబు మందేనమ్మా, విషమేం కాదు. ఒక్క మూత చాలు," అని సీసా చేతిలో పెట్టింది పక్కింటావిడ. గుమ్మం దిగుతూ ఇంకో ముక్క కూడా వదిలింది. "కొందరు పిల్లలకి ఎదురు తిరుగుతుందట. నిద్ర బదులు పూనకం వస్తుందట."

ఇప్పుడా సీసా పిల్లాడి తల్లి చేతిసంచిలో ఉంది. విమానం గాల్లోకి లేచి పావుగంట కాలేదు, మూడేళ్ళ పిడుగు అప్పుడే ముందు సీటును రెండు కాళ్ళతోనూ తన్నుతున్నాడు. ఒక చెప్పు ఎటో ఎగిరిపోయింది.

"నువ్వు హాయిగా పడుకో. దిగిన మూడు గంటలకే నీ పరీక్ష. వీడి సంగతి నేను చూసుకుంటాగా," అన్నాడు భర్త.

"తొమ్మిది గంటల ప్రయాణమండీ!"

"రోజుకి ఇరవై మంది ఏడుపుగొట్టు పిల్లలకి జుట్టు కత్తిరించినవాణ్ణి. ఒక్కడి చెవైనా తెగిందా?"

"వాళ్ళు మీ కుర్చీలో పావుగంట కూర్చుంటారు. వీడు పావుగంట తర్వాతే మొదలెడతాడు."

అతను నవ్వి, కాళ్ళ దగ్గరున్న గుడ్డసంచి తట్టాడు. "ఇదిగో, నా సరంజామా. ఒకటి చూపించి రెండోది దాచాలి, అదే కిటుకు. నిన్న పగలంతా పడుకున్నది కూడా ఇందుకే."

మనిషి మంచివాడే. పిల్లాడు కొరికి వదిలేసిన బిస్కెట్టు, తాగి మిగిల్చిన పాలు, ఏదీ పారేయనివ్వడు, అన్నీ తనే లాగిస్తాడు. ఆ పొట్టకి సరిగ్గా పిల్లాడి వయసే. కానీ అతని మాట మీద భరోసా పెట్టుకునే రోజు కాదిది. ఆమె కట్టుడు పళ్ళు చేసే పనిమంతురాలు. కొత్త చోట యజమాని తన ఎదురుగానే కూర్చుని, మైనంతో ఒక దవడ పన్ను చెక్కి చూపించమన్నాడు. చెయ్యి వణికిందా, ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగం కోసమే భర్త మంగలి షాపు ఎత్తేసి, కుర్చీతో సహా అమ్మేశాడు.

భర్త చెప్పు కోసం సీట్ల కిందికి దూరాడు. అదే అదను. మడతబల్ల మీదున్న జ్యూసు గ్లాసులో ఒక మూత పోసింది. తొమ్మిది గంటలు కదా అని ఇంకో అర మూత పోసింది. "తాగు, మా నాన్నవి కదూ," అని గ్లాసు వాడి చేతికిచ్చింది గాని, వాడు తాగుతుంటే చూడలేక లేచి బాత్రూంకి పోయింది.

తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ. ఆమె సీటు వెనక్కి వాల్చింది. కళ్ళు మూసుకుంది.

అరగంటకి ఎవరో ఆమె ముక్కు పట్టుకుని లాగారు. పిడుగు!

వాడి కళ్ళు టార్చిలైట్లలా ఉన్నాయి. భర్త మాత్రం చెప్పు చేతిలో పట్టుకునే, నోరు తెరుచుకుని గుర్రు కొడుతున్నాడు.

"ఏవండీ! ఏవండీ!" కుదిపింది, గిచ్చింది. అతను "ఊఁ" అని అటు తిరిగాడు. ఇదా మీరు చూసుకోవడం అనుకుని పళ్ళు నూరింది. గుడ్డసంచి గుమ్మరించింది. దువ్వెనలు, క్లిప్పులు, చేతి అద్దం, నీళ్ళు చిమ్మే ఖాళీ సీసా. పది నిమిషాల్లో పిడుగు అన్నీ కింద విసిరేశాడు.

ఎయిర్ హోస్టెస్‌ని పిలిచే మీట పదకొండుసార్లు నొక్కాడు. కిటికీ రెక్క ఎత్తి దించి, ఎత్తి దించి, ఎండని ఆడించాడు. "అమ్మా, మీవాడు నా వెన్నుపూసలు లెక్కపెడుతున్నాడు. ఇప్పటికి రెండుసార్లు పూర్తయింది," అన్నాడు ముందు సీటు పెద్దాయన. ఆమె దండం పెట్టింది. వాణ్ణి ఎత్తుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. పాడింది. కుక్కలా మొరిగింది. పక్క వరసవాళ్ళు నవ్వారు, వాడు నవ్వలేదు.

మందు ఎదురు తిరిగింది, అంతే. మూతన్నర! మధ్యమధ్య వాడి నుదురు తాకి చూసింది, ఛాతీ మీద చెవి ఆనించి చూసింది. ఎవరికి చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి? చివరికి సాధన కోసం దాచుకున్న మైనపు ముద్ద ఇచ్చింది. వాడు కొరికాడు. అచ్చం కొలత తీసినట్టు ఎనిమిది పాలపళ్ళు అందులో దిగాయి. ఆ పూట ఆమె చేతిపని అదొక్కటే.

చక్రాలు నేలను తాకిన కుదుపుకి భర్త లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "అప్పుడే వచ్చేశామా?"

ఆమె రెండు చేతులూ అతని మొహం ముందు చాపింది. గాలికి ఆకుల్లా వణుకుతున్నాయి.

"చూడండి! ఈ చేతులతో పన్ను చెక్కాలి నేను! చూసుకుంటానన్నారు, మాటిచ్చారు. ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట కూడా మేలుకోలేకపోయారా?"

అతను తెల్లమొహం వేశాడు. బుర్ర గోక్కున్నాడు. చేతిలో ఇంకా ఉన్న చెప్పు వంక చూసుకున్నాడు.

"అదే నాకూ అంతుపట్టడం లేదే. వీడు జ్యూసు నాలుకకి తగిలించి ఛీ అని నా చేతిలో పెట్టాడు, పారబోయడమెందుకని నేనే తాగేశాను. అక్కడిదాకే గుర్తుంది."