అమ్మ కోసం పెట్టుకున్న టోపీ

"నెత్తిన పెట్టుకున్నావా?" ఫోన్లో అడిగింది అక్క యాఫా.

"పెట్టుకుంటున్నా." నిస్సీం మెట్ల కింద ఆగి, జేబులోంచి యూదులు భక్తిగా పెట్టుకునే కిప్పా తీసి నడినెత్తిన పెట్టుకుని క్లిప్పు నొక్కాడు. దేవుడి మీద నమ్మకం పోయి ఏళ్లయింది. ఆ చిన్న గుండ్రటి టోపీ మాత్రం శుక్రవారం శుక్రవారం జెరూసలేంలోని ఈ మెట్ల దాకా వస్తూనే ఉంది.

"అమ్మకి మోకాళ్లు పోయాయిరా. మూడంతస్తులు ఎక్కలేకపోతోంది. హైఫాలో మీ ఇంటికి తీసుకుపో, అక్కడ లిఫ్టుందిగా."

"తీసుకెళ్తే ఇరవైనాలుగ్గంటలూ ఇది నెత్తిన ఉండాలక్కా. ఇవాళ నిజం చెప్పేస్తాను."

"చంపుతావా ఏం ఆవిణ్ణి?"

పైన తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. అమ్మ ఫ్రేహా తలగుడ్డ చెవుల మీదికి లాక్కుంటూ నవ్వింది. పెళ్లయిన ఆడదాని జుట్టు పరాయి కంట పడకూడదని యాఫాకి నేర్పింది ఆవిడే. అమ్మ జుట్టు ఎంత నెరిసిందో నిస్సీంకి ఇప్పటికీ తెలీదు.

"రా నాన్నా. చేపలు చల్లారిపోతున్నాయి."

ఎర్రమిరప పులుసులో రొట్టె ముంచుకుంటూ అతను మాట కోసం వెతుక్కున్నాడు.

"అమ్మా, నాన్న పోయి రెండేళ్లయింది. ఇంట్లో ఉన్నది మనిద్దరం. ఈ ఉక్కలో ఇంకా ఆ గుడ్డెందుకు?"

గరిట ఆగింది. "నువ్వు ఆ టోపీ ఎందుకు పెట్టుకున్నావురా?"

నిస్సీం రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. "అంటే... భక్తి."

"మరి! నన్నడుగుతావేం?"

నిస్సీం నీళ్లు తాగి, "మా ఇంటికి వచ్చెయ్యమ్మా" అన్నాడు, రానంటే బాగుండునని లోపల అనుకుంటూ.

"ఎందుకులే నాన్నా. నా గూడు నాకుంది."

హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గేసి, ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుని గబగబా దిగిపోయాడు.

ఎదురింటి మజాల్ తలుపు తీసింది.

"మళ్లీ రానన్నావా? బంగారంలాంటి కొడుకు పిలుస్తుంటే ఈ మెట్ల మీద పడి చస్తావా?"

"వెళ్లాలనే ఉందే." ఫ్రేహా కళ్లు తుడుచుకుంది. "వాడి భక్తి నీకు తెలీదు. ఆ ఇంట్లో నేను ఇమడలేను."

తలగుడ్డ విప్పి, మళ్లీ శుక్రవారం అడుగుతానంటూ మజాల్‌కి తిరిగిచ్చేసింది.